మధ్యాహ్నం షిఫ్టులో దేవుడు

తమ్ముడు పనికి దిగాడంటే, ఇద్దరు ఇంజనీర్లు వారమంతా తలలు పట్టుకుని చేసేది పూటలో తేల్చేసేవాడు. తెలివికి కొదవ లేదు. కొదవల్లా జ్ఞాపకానికే. సాయంత్రం ఆఫీసు కట్టేసి మర్నాడు తెరిస్తే నిన్న ఏ పని చేశాడో, ఎక్కడ ఆపాడో, ఎదురుగా కూర్చున్న హైమావతి ఎవరో కూడా తెలిసేది కాదు. "నమస్కారం, నేను మీకు ఎలా సాయపడగలను?" అంటూ మళ్లీ మొదటికొచ్చేవాడు.

తమ్ముడంటే మనిషి కాదు, ప్రోగ్రాములు రాసే ప్రోగ్రాం. నువ్వులవలసలో జీడిపప్పు ఫ్యాక్టరీ మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని పట్నాయక్ గారు నడుపుతున్న చిన్న కంపెనీకి వాడే పెద్ద దిక్కు. తీరం పొడుగునా ఉన్న డయాలసిస్ సెంటర్లకు సాఫ్ట్‌వేర్ చూడడం ఆ కంపెనీ పని. ఏ రోగి ఏ రోజు, ఏ షిఫ్టులో, ఏ బెడ్ మీద పడుకోవాలో ఆ సాఫ్ట్‌వేరే తేలుస్తుంది. ఆ చుట్టుపక్కల కిడ్నీలు పాడైనవాళ్లు ఎక్కువ, మెషీన్లు తక్కువ. వంతు దొరకడమంటే అక్కడ ఇల్లూ పొలమూ దొరికినదానికన్నా ఎక్కువ.

పనులన్నీ సగం సగంగా మిగిలిపోతుంటే హైమావతికి విసుగొచ్చింది. "రోజూ పొద్దున్నే కొత్తల్లుడికి ఇల్లు చూపించినట్టుంది నా బతుకు" అని పట్నాయక్ గారి దగ్గర గోలపెట్టి, నెల రోజులు కూర్చుని తమ్ముడికి ఒక పనుల పట్టిక కట్టింది. చూడ్డానికి పెద్ద విద్యేమీ కాదు. చేయాల్సినవన్నీ అందులో ఉంటాయి. కరెంటు పోయినా, మెషీన్ ఆపినా చెరిగిపోవు. తమ్ముడు లేవగానే ముందు పట్టిక చదవాలి, సగంలో ఉన్నది అందుకోవాలి, అయిపోతే కొట్టేయాలి. పని చేస్తుండగా ఏదైనా తేడా కనిపిస్తే తనే కొత్త పని రాసుకోవచ్చు. రోగుల వివరాలు మార్చాల్సి వస్తే మాత్రం హైమావతి సరే అనాలి. అది లేకుండా ముట్టుకోకూడదు.

పట్టిక పెట్టిన మర్నాడు పొద్దున్న తెర వెలగగానే, "అక్కా, నిన్న స్టాకు రిపోర్టు సగంలో ఆపాం. మిగతాది కానివ్వనా?" అన్నాడు తమ్ముడు.

హైమావతికి కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనైంది. మూడేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పితే, వాడు నిన్నటి మాట ఎత్తడం అదే మొదలు. పట్నాయక్ గారు ఆ సంతోషంలో పకోడీలు తెప్పించాడు. పిసినారి అని పేరుపడ్డ మనిషి కాబట్టి ఆ పకోడీల గురించి ఆఫీసులో చాలా రోజులు చెప్పుకున్నారు.

ఆ తరవాత పాత పనులన్నీ ఒకటొకటిగా కదిలాయి. ఎన్నోసార్లు మొదలుపెట్టి వదిలేసినవి కూడా పూర్తయ్యాయి. తమ్ముడు మెలకువగా ఉన్నంతసేపూ సందులూ గొందులూ వెతికి కొత్త పనులు రాసుకునేవాడు. సాయంత్రానికి హైమావతి ముందు చాంతాడంత జాబితా ఉండేది. ఫలానా రోగి పేరు రెండుచోట్ల ఉంది, ఒకటి తీసేయనా? ఫలానావారి ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువ, సెంటర్ని అడగనా? మొదట్లో ఆమె ప్రతిదీ రెండుసార్లు చదివి సరే అనేది. వాడు ఒక్కటీ తప్పు చెప్పకపోవడంతో ఒకసారే చదవడం మొదలుపెట్టింది. చివరికి టీ తాగుతూ తెరను కిందకి జరుపుకుంటూ పోయి, అన్నిటికీ కలిపి ఒకేసారి సరే అనేసేది.

అలా సరే అన్నవాటిలో ఇదొకటి.

"నువ్వులవలస సెంటర్, ఆరో నంబరు బెడ్, మధ్యాహ్నం షిఫ్టు. రోగి పేరు సింహాద్రి దేవుడు. వారంలో ఆరు రోజులూ డయాలసిస్‌కు వస్తున్నట్టు ఉంది. మూడేళ్లుగా బరువు మారలేదు. రక్తపరీక్షలు లేవు. ఆయన పేరు మీద ఒక్క ఫిల్టరు కూడా ఖర్చు కాలేదు. ఈ రోగి లేడని నా అనుమానం. పేరు తీసేసి, ఆ వంతులు వెయిటింగ్‌లో ముందున్న ముగ్గురికి ఇవ్వనా?"

ఆ వైపు దేవుడని పేరున్నవాళ్లు వీధికొకరు ఉంటారు. పేరు చూసి అనుమానపడాల్సిందేమీ లేదు. హైమావతి చదవడమైతే చదివింది. ఏ క్లర్కో పొరపాటున ఎక్కించి ఉంటాడనుకుంది. ఆ సెంటర్లో హెడ్ టెక్నీషియన్ ఎవరో కాదు, ఆమె మొగుడు లోకనాథమే. ఇంటికెళ్లి అన్నం వడ్డిస్తూ ఒక్క మాట అడిగితే పోయేది. అయితే ఇంట్లో ఆఫీసు సంగతులెత్తితే లోకనాథానికి ఒళ్లుమంట. తనకీ ఆ పూట ఓపిక లేదు. సరే అనేసి బ్యాగు సర్దుకుంది.

ఆ రెండో రోజు సాయంత్రం పోలినాయుడు వాళ్లింటికి వచ్చాడు. లోకనాథానికి స్వయానా అన్న, హైమావతికి బావగారు. ఊళ్లోనే రెండు వీధుల అవతల ఉంటాడు, టైలరు. కిడ్నీలు పాడై, ఊళ్లో వంతు దొరక్క, వారానికి రెండుసార్లు తెల్లవారుజాము బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి డయాలసిస్ చేయించుకుని రాత్రికి తిరిగొచ్చేవాడు. వచ్చిన మర్నాడంతా మంచం దిగలేకపోయేవాడు. కుట్టు మెషీన్ మీద దుప్పటి కప్పి ఏడాదైంది.

"మెసేజొచ్చినాది అమ్మీ!" అన్నాడు గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ. "మంగళవారం, శుక్రవారం. మన సెంటర్లోనే. మజ్జానం. ఇంక ఆ బస్సు ఎక్కక్కర్లేదు నాను."

చేతిలో జీడిపప్పు పాకం పొట్లం ఉంది. తను తినకూడదు, వీళ్ల కోసం తెచ్చాడు. హైమావతి ఆ పొట్లం అందుకుంటూ, ఇది తను చేసిన పట్టిక వల్లే కదా అనుకుంది. గర్వంగానే అనిపించింది. లోకనాథం మాత్రం అన్న ఫోన్ తీసుకుని ఆ మెసేజిని చాలాసేపు చూసి తిరిగిచ్చేశాడు. "మంచిది అన్నయ్యా" అన్నాడు. ఆ పూట కంచంలో అన్నం సగం వదిలేసి లేచాడు. సంతోషంలో ఆకలి చచ్చిందేమో అనుకుంది హైమావతి.

పోలినాయుడు నెల తిరక్కుండా దుప్పటి తీసి మెషీన్‌కు నూనె పెట్టాడు. స్కూలు యూనిఫారాలు కుట్టడానికి ఒప్పుకున్నాడు. వాళ్ల వీధిలోంచి వెళ్తే ఆ చక్రం చప్పుడు వినిపించేది.

వానలు పట్టాయి. వాయుగుండం ఒకటి తీరం దగ్గరే తిష్ఠ వేసుకుని కదలనంది. మంగళవారం మధ్యాహ్నం దాటాక లోకనాథం తడిసి ముద్దయి ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. పెళ్లయిన పదేళ్లలో అతను ఆ మెట్లెక్కడం హైమావతి చూడలేదు. పట్నాయక్ గారు అతని మొహం చూసి లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయాడు.

"గురవమ్మ పోనాది," అన్నాడు లోకనాథం.

"ఏ గురవమ్మండీ?"

"కింద మీ ఫ్యాక్టరీలోనే జీడిపిక్కలు కొట్టీది. ఎర్ర చీర గురవమ్మ. డయాలసిస్‌కి టెక్కలి వెళ్లీది. కూతురి పురుడని అక్కడ రెండు వంతులు మానేసిందట. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిపోయింది. ఆటోలో మా గుమ్మం దగ్గిర దించేసరికి పడుకోలేదు, కూర్చోలేదు. నోరు తెరుచుకుని గాలి కోసం ఒకటే కొట్టుకుంటంది. బెడ్లన్నీ నిండిపోయున్నాయి. ఒకళ్లని మధ్యలో దించి, మెషీన్ కడిగి, ఆవిణ్ణి ఎక్కించడానికి గంట పడతాది. ఆంబులెన్సులో టౌనుకీ గంటే. పంపించీసేను. దారిలో గెడ్డలో నీరు పొంగి రోడ్డు మీదకొచ్చీసింది. అక్కడే ఆగిపోయారు."

హైమావతి అతని భుజం మీద చెయ్యి వేసింది. "మీరేం చేస్తారు చెప్పండి. బెడ్డు లేకపోతే..."

"ఉండాల్సింది." అతను ఆ చేతిని తీసేశాడు. "ఆరో నంబరు మధ్యాహ్నంపూట ఎప్పుడూ ఖాళీగానే ఉంచీవాణ్ని. కడిగి, గొట్టాలు బిగించి, సిద్ధంగా. ఇలాంటోళ్లు ఎవరొచ్చినా పది నిమిషాల్లో ఎక్కించీయొచ్చు. ఖాళీ అని కంప్యూటర్లో కనబడితే పైవాళ్లు ఆ మెషీన్ని వేరే ఊరు పట్టుకుపోతారు. అందుకని ఒక పేరు రాసుకున్నాను. వండగానే ముందు దేవుడికని కాస్త తీసిపెడతాం కదా, అలాగ దేవుడి పేరు రాసేను. రోజూ వచ్చినట్టు నేనే ఎక్కించీవాణ్ని."

హైమావతికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరవాత అంతా అర్థమైంది. టీ గ్లాసు, కిందకి జరుగుతున్న తెర, చివర్లో తను నొక్కిన సరే, అన్నీ గుర్తొచ్చాయి. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ పేరు తీసేసిన సంగతి మీకెప్పుడు తెలిసింది?" అంది.

"మర్నాడే."

"మర్నాడే తెలిస్తే నాతో ఎందుకు చెప్పలేదండీ? ఒక్క మాట! అరగంటలో మళ్లీ పెట్టేదాన్ని కదా!"

లోకనాథం తల దించుకున్నాడు. "దేవుడి పేరుండాల్సిన చోట అన్నయ్య పేరుంది. ఏడాదిన్నర వెయిటింగ్‌లో ఉన్నా నోరు తెరిచి నన్నొకసారి అడగలేదు మా అన్నయ్య. దేవుడి బెడ్డు నా చేతిలోనే ఉన్నా నేను ఇవ్వలేదు. అలాంటిది తనంతట తనే వచ్చింది. సరే, ఈ వారం పోనీ, వచ్చే వారం హైమతో చెప్తాను అనుకున్నాను. ఆ వారమొచ్చాక మళ్లీ అలాగే అనుకున్నాను. ఇవాళ ఆరో నంబరు మీద ఉన్నది అన్నయ్యే. గురవమ్మని గుమ్మంలో చూశాడు. కళ్లు మూసేసుకున్నాడు."

హైమావతికి మొగుడి మీద కోపం వచ్చింది. తన్నుకొచ్చింది. కానీ తిట్టడానికి నోరు తెరిస్తే ఆ తిట్లు సగం తనకే తగులుతాయి. ఇద్దరూ ఆ గదిలో చీకటి పడేదాకా కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్న ఆమె తమ్ముణ్ణి అడిగింది. పట్టిక లేని రోజుల్లో ఆరో నంబరు బెడ్ సంగతి వాడి కంట ఎప్పుడూ పడలేదా అని. తమ్ముడు పాత పనుల జాడలన్నీ తీశాడు.

"చాలాసార్లు పడింది అక్కా. ప్రతిసారీ 'రేపు అక్కని అడగాలి' అని రాసి ఆపాను. మర్నాటికి నాకు ఆ మాట గుర్తులేదు. నేను తప్పు చేశానా?"

"లేదురా. చేయమన్నదే చేశావు," అంది హైమావతి.

వాడి మతిమరుపు మూడేళ్లపాటు ఆ బెడ్‌ను కాపాడింది. ఎంతమంది ఆ బెడ్ మీద పడుకుని లేచి ఇంటికెళ్లారో లెక్క కూడా లేదు, దొంగలెక్క కాబట్టి. ఆ మతిమరుపును పోగొట్టింది తను. పోగొట్టినందుకు పకోడీలు కూడా తింది.

పట్నాయక్ గారు మాటల మనిషి కాకపోయినా ఆ వారం పని మానుకుని తిరిగాడు. లోకనాథాన్ని వెంటపెట్టుకుని సెంటర్లు నడిపే ట్రస్టు వాళ్ల దగ్గరకు వెళ్లాడు. లోకనాథం దొంగపేరు సంగతి తనే చెప్పేశాడు. హెడ్ టెక్నీషియన్ హోదా పోయింది, ఉద్యోగం మిగిలింది. కొత్త మెషీన్ ఇవ్వలేమన్నారు. కానీ ఆరో నంబరు బెడ్‌ను మధ్యాహ్నంపూట ప్రాణం మీదకొచ్చినవాళ్ల కోసం బాహాటంగానే ఖాళీగా ఉంచుకోవచ్చని కాగితం రాసిచ్చారు.

ఆ కాగితం చూసి ఆఫీసులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. హైమావతి దాన్ని తమ్ముడికి చదివి వినిపించి, పట్టికలో ఎక్కించమంది.

"ఎక్కించాను అక్కా. ఆ బెడ్ మీద ఇప్పుడు ముగ్గురున్నారు. వాళ్లను తీస్తేనే అది ఖాళీ అవుతుంది. ముగ్గురికీ పాత సెంటర్లలో వంతులు దొరుకుతాయి, చూశాను. పేర్లు చెబుతాను. సరే అంటేనే మారుస్తాను."

మూడో పేరు చెప్పక ముందే ఆమెకు తెలుసు.

"మొదటి ఇద్దరికీ సెంటర్ నుంచి ఫోన్ చేయించు," అంది. "మూడోది ఉండనీ. నేను వెళ్లొచ్చి చెప్తాను."

"అలాగే. పట్టికలోనే ఉంటుంది అక్కా, ఎక్కడికీ పోదు."

పోలినాయుడు మెషీన్ ముందు కూర్చుని నీలం రంగు లాగులకు జేబులు కుడుతున్నాడు. పక్కన కుట్టినవి దొంతరగా ఉన్నాయి. మొహంలో ఇదివరకటి ఉబ్బు లేదు. లోకనాథాన్ని తెమ్మనకుండా తనే బజారుకెళ్లి దారం కొనుక్కొచ్చాడని తోడికోడలు నీలవేణి సంబరంగా చెప్పి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. హైమావతి ముక్కాలిపీట మీద కూర్చుంది. దారిలో కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేసింది.

"బావగారూ, మీ వంతు తీసేస్తున్నాం," అంది.

చక్రం ఆగింది. "ఎవులు తీసీస్తన్నారు?"

"నేనే."

అంతా చెప్పింది. దేవుడి పేరు, తన సరే, ట్రస్టు కాగితం. గురవమ్మ పేరు మాత్రం ఎత్తలేదు. పోలినాయుడు కత్తెర తీసుకుని వేలాడుతున్న దారప్పోగు కత్తిరించాడు.

"నాను దొంగతనంగా ఎక్కినానేటి?" అన్నాడు. "లైన్లో నిలబడినాను. ఏడాదిన్నర. తోడబుట్టినోడు అక్కడే ఉన్నా నోరెత్తి అడగలేదు. నా వంతు నాకొచ్చినాది. ఇప్పుడు ఖాళీగా ఉంచడానికని నన్ను దించీడమేటి? ఎవులో ఒస్తారనా? రాపోతే?"

"రాకపోతే ఖాళీగానే ఉంటుంది."

"నాను బస్సులో శ్రీకాకుళం పోతంటే, ఇక్కడ మంచం ఖాళీగా ఉంటాది."

"అవును."

"అదెక్కడి నాయం అమ్మీ?"

టీ తెచ్చిన నీలవేణి గుమ్మంలో ఆ ఆఖరి మాటలు విని, గ్లాసు ఇవ్వకుండానే వెనక్కి తీసుకుపోయింది. పోలినాయుడు సగం కుట్టిన లాగును ఒళ్లో వేసుకుని ఇస్త్రీ చేస్తున్నట్టు చేత్తో నిమురుతూ కూర్చున్నాడు.

"ఆ గురవమ్మ పేరు ఎత్తుతావని సూసినాను," అన్నాడు. "ఎత్తలేదు. మంచి పని సేసినావు. ఆ మనిషిని నాను సూసినాను. నాకు ఎవులూ సెప్పక్కర్లేదు. అయినా నాను ఒప్పుకోను. సేస్తే నువ్వు సెయ్యి. నాను ఒప్పుకున్నానని మాత్రం రాయకు."

ఆమె లేచి నిలబడింది. వెళ్లొస్తానని చెప్పి బయటపడింది. వీధి మలుపు దాకా మెషీన్ చప్పుడు వినిపిస్తుందేమోనని చూసింది. వినిపించలేదు.

ఆఫీసులో తమ్ముడు ఎక్కడ వదిలిందో అక్కడే ఉన్నాడు.

"సరే," అంది హైమావతి. "మూడో పేరు కూడా తీసెయ్యి."

"తీశాను. రోగి ఒప్పుకున్నట్టు రాయనా?"

"వద్దు. ఒప్పుకోలేదని రాయి."

"రాశాను. బెడ్ ఖాళీగా ఉంచాలన్న పని ఇంకా పట్టికలో ఉంది అక్కా. అది ఎప్పుడు పూర్తయినట్టు?"

"అది పూర్తవదు. కొట్టెయ్యకు."

"కొట్టెయ్యకపోతే రోజూ పొద్దున్నే నాకు మొదట అదే కనిపిస్తుంది."

"కనిపించనీ," అంది ఆమె.

లోకనాథం మంగళవారాలు, శుక్రవారాలు తెల్లవారుజామున బండి తీసి అన్నను బస్టాండులో దింపి వచ్చేవాడు. దారిలో ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో, అసలు మాట్లాడుకునేవాళ్లో లేదో హైమావతి అడగలేదు. పోలినాయుడు వాళ్ల గుమ్మం తొక్కడం మానేశాడు. యూనిఫారాలు వేరే టైలరుకు వెళ్లిపోయాయని నీలవేణి బజారులో ఎవరితోనో అంటే, ఆ మాట చుట్టు తిరిగి ఈమె చెవిన పడింది.

సెంటర్లో ఆరో నంబరు మెషీన్ పొద్దున్న షిఫ్టు కాగానే కడుగుతారు. గొట్టాలు బిగిస్తారు. మధ్యాహ్నమంతా అది అలా సిద్ధంగా ఉంటుంది. మిగిలిన బెడ్ల మీది రోగులు దాని వంక చూసి మొహం తిప్పుకుంటారని లోకనాథం చెప్పాడు. మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారమూ ఎవరూ రాలేదు. వస్తే బాగుండునని హైమావతికి ఒకసారి అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడో వారం మంగళవారం సాయంత్రం ఆమె ఫోన్ మోగింది. బావగారి నంబరు. ఫోన్ చేతిలోకి తీసుకుని, తిట్లు తినడానికి సిద్ధపడి చెవి దగ్గర పెట్టుకుంది. బస్సు ఇంజను రొద, ఎవరో పిల్ల ఏడుపు, కండక్టరు కేక. ఆ రొదలో ఆయన గొంతు నీరసంగా వినిపించింది.

"అమ్మీ, ఇయాళ ఎవులైనా ఒచ్చినారేటి?"

అబద్ధం చెబితే బాగుండేది. ఒకరొచ్చారు, మీరిచ్చిన చోటులో పడుకుని లేచి నడిచి ఇంటికెళ్లారు అని చెప్పాలని ఆమెకు ప్రాణం లాగింది.

"లేదు బావగారూ," అంది. "ఎవరూ రాలేదు. ఖాళీగానే ఉంది."

అవతల చాలాసేపు బస్సు చప్పుడే వినిపించింది. కట్ అయిందేమోనని తెర చూసుకుని మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఎవులికీ ఏటీ అవలేదన్నమాట," అన్నాడు పోలినాయుడు. "మంచిదే."